తోలు జిగురు

జూలై వరదకి ముందు నేను కార్బురేటర్లు బాగుచేసేవాణ్ణి.
ఇప్పుడూ చేస్తాను. కాకపోతే
బల్ల మీద ఓ పక్కన ఫిడేళ్ళు ఆరుతుంటాయి.

రెండు కొండల నడుమ ఇరుకు లోయ మాది,
పొద్దు పదింటికిగానీ లోపలికి రాదు,
మూడింటికే వెళ్ళిపోతుంది.
నీళ్ళు మాత్రం అర్ధరాత్రి చెప్పకుండా వచ్చి
రెండు రోజులు చుట్టాల్లా కూర్చున్నాయి.
కొండ నెత్తి గీకి బొగ్గు పట్టుకుపోయినవాళ్ళు
చెట్లనీ పట్టుకుపోయారు కదా,
వానని ఆపే చెయ్యి ఒక్కటీ లేదు పైన.

ఓర్ఫా కాడిల్ ఫిడేలు
మూడు మైళ్ళ దిగువన, సికమోర్ కొమ్మల్లో దొరికింది.
ఆమె వంటగది తలుపు ఇంకా దొరకలేదు.
దిండు గలీబులో వేసుకుని తెచ్చింది,
ఫిడేలు కాదు, ఫిడేలు ముక్కలు:
వీపు, పొట్ట, పక్కటెముకలు, మెడ.
ఎనభై రెండేళ్ళ మనిషి. ఏడవలేదు.
"విరగలేదు. విడిపోయిందంతే" అంది
నాకేదో పాఠం అప్పజెబుతున్నట్టు.

నిజమే. పాతవాళ్ళు ఫిడేలుకి
తోళ్ళు మరగబెట్టిన జిగురే వాడేవాళ్ళు,
కావాలనే, అంత గట్టిది కానిది.
చెమ్మ ముదిరినా చలి బిగించినా
ముందు జిగురు వదులుకుంటుంది,
చెక్క బతుకుతుంది.
ఈ మాట చెప్పింది మా నాన్న.
చెప్పి, డబ్బా పట్టుకుని గనిలోకి దిగేవాడు.
ఆయన ఊపిరితిత్తుల్లో అతుక్కున్నది మాత్రం
ఏ నీళ్ళకీ కరగలేదు.

బురద కడిగి పొట్ట పలక తిరగేస్తే
లోపలివైపు పెన్సిలు రాత.
వాక్యమేదో అనుకున్నాను బైబిల్లోది,
లేకపోతే ఎవరో అమ్మాయి పేరు.
కాదు. కంపెనీ కొట్టు పద్దు.
పిండి. పందికొవ్వు. దీపానికి కార్బైడ్.
పసిదానికి దగ్గు మందు.
తీగలు నాలుగు.
కింద గీత గీసి, బాకీ పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళకీ సమ్మె రాత్రులకీ
శవం పక్కన జాగారాలకీ పలికిన ప్రతి పాటా
ఆ బాకీని ఒరుసుకునే బయటికొచ్చింది.

"మా నాన్న చేతిరాత" అంది ఓర్ఫా. "ఆ దగ్గు నాది."
"తుడిచెయ్యనా?"
"తీర్చిందెవరు, తుడవడానికి?"

మూడు వారాలు పట్టింది.
కూలి రెండు సీసాల చిక్కుళ్ళు అంది. ఒకటే ఇచ్చింది.

శనివారం ఫైర్ స్టేషన్లో
ట్రక్కు బయటికి తోసి మడత కుర్చీలు వేశాం.
బాంజో డెన్‌విల్‌ది. ఎడమచేతి వేళ్ళు రెండు
కప్పు కూలిన రోజున లోపలే వదిలేసి వచ్చాడు.
మిగిలినవే ఓవర్‌టైం చేస్తాయి.
సగం మెడ దగ్గరే ఆగిపోయిన ఆ పొట్టి ఐదో తీగ
ఎవరు ఏ స్వరం ఎక్కినా దిగినా
తన ఒక్క మాటే తను అంటూంటుంది
వసారాలో కూర్చున్న చెవిటి ముసలాయనలా.

ఓర్ఫా కమానుకి గుగ్గిలం రుద్దింది,
రెండు చరణాలు లాగి, ఆపి, మొహం చిట్లించింది.
"మునిగి లేచింది కదా,
బాప్టిజం అయిపోయింది దీనికి.
మరీ మంచిదైపోయింది.
నాకు నా పాత పాపిష్టిదే కావాలి."

ఏప్రన్ జేబులోంచి తీసింది
గిలకపాము తోక, తొమ్మిది గిలకలది.
నీళ్ళకి జడిసి ఆమె ట్రెయిలర్ మెట్ల కింద చేరిందట.
పార ఎవరు పట్టారని నేనడగలేదు.
పొట్టలోని సన్నటి సందులోంచి జారవిడిస్తే
అది లోపల బాకీ మీద పడి గలగలమంది.

మళ్ళీ కమాను ఎత్తింది.
ఈసారి డెన్‌విల్ తలెత్తి చూశాడు.
ఫిడేలు సన్నగా, ఎత్తుగా, ముక్కుతో ఏడ్చే గొంతుతో
తెరిచిన షట్టరు దాటి
లోయకి అడ్డంగా అవతలి కొండకి వెళ్ళింది.
చిన్నప్పుడు ఇక్కణ్ణుంచి అరిస్తే
మాట పూర్తయ్యేలోగా తిరిగొచ్చేది.
ఇప్పుడక్కడ శిఖరం లేదు,
ఆ పాట ఎంతదూరం పోయి
దేనికి తగిలిందో,
కాస్త ఆలస్యంగా వచ్చింది.